వణుకే సహజమైన చోట

స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. భరతుడు చెప్పిన ఎనిమిది సాత్త్విక భావాలు ఇవి. ఒళ్లు కొయ్యబారడం, గొంతు మారిపోవడం, దేహం వణకడం లాంటివి మనసు ఒకచోట లగ్నమైతే తప్ప పుట్టవని, అందుకే అభినయంలో సత్త్వానిది పైమెట్టు అని నాట్యశాస్త్రం చెబుతుంది. కూచిపూడి వేదిక మీద భామ పెదవి వణికితే అది విరహమని మనకు ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. మరి వణుకే నిత్యమైన దేహం కథానాయికది అయితే? మెడ బిగుసుకుపోవడం, గొంతు పెగలకపోవడం ఆమెకు రోజూ ఉండేవే అయితే, ఆమె దుఃఖాన్ని నటి దేనితో చూపిస్తుంది? ఆమె సంతోషాన్ని మనం దేన్నిబట్టి పట్టుకుంటాం?

సెరిబ్రల్ పాల్సీ ఉన్న పాత్రలతో వచ్చిన సినిమాల్లో మంచివన్నీ ఈ ప్రశ్నలోంచే పుట్టాయని నేను నమ్ముతాను. ఇళ్లలోనూ ఫిజియోథెరపీ గదుల్లోనూ సీపీ అని పొట్టిగా పిలుచుకునే ఈ స్థితికి మూలం కండరాల్లో ఉండదు. గర్భంలోనో, కాన్పు వేళలోనో, పుట్టిన తొలినాళ్లలోనో మెదడుకు జరిగిన హాని అది. ఆ హాని తర్వాత పెరగదు, పూర్తిగా మానదు. కొందరికి కాళ్లూ చేతులూ బిగుసుకుపోతాయి, కొందరికి నడక తూలుతుంది, ఇంకొందరికి చేతులూ మెడా ముఖమూ వాటంతటవే మెలితిరుగుతుంటాయి. ఈ చివరి రకంలో ఒక విశేషం ఉంది. మాట్లాడాలని గట్టిగా ప్రయత్నించినా, సంతోషమో భయమో ముంచుకొచ్చినా ఆ కదలికలు ఎక్కువవుతాయి. నిద్రలో సద్దుమణుగుతాయి. అంటే ఈ దేహానికి భావాన్ని దాచుకోవడం తెలియదు. అయితే అది బయటపెడుతున్నది ఏ భావమో పైపైన చూసేవాళ్లకు అందదు. అనుభావాలు ఇంత తీవ్రంగా ఉండి, ఇంత సులభంగా అపార్థానికి గురయ్యే పాత్ర మన నాటకాల్లో నాకు ఎక్కడా తగల్లేదు. సహృదయుడు ఉంటేనే రసం అన్నారు పెద్దలు. ఆ సహృదయుడిని మొదటి దృశ్యం నుంచీ చేయిపట్టి తయారుచేసుకోవలసిన అవసరం ఈ కథలకు ఉన్నంతగా మరే కథలకూ లేదు.

లీ చాంగ్‌డాంగ్ తీసిన కొరియన్ సినిమా 'ఒయాసిస్' (2002)లో గాంగ్జూ అనే అమ్మాయి మనకు ఎలా పరిచయమవుతుందో చూడండి. ఒక గదిలో తెల్ల పావురం ఎగురుతుంటుంది. గోడల వెంట, కప్పు కింద రెక్కలు కొట్టుకుంటూ తిరుగుతుంటుంది. తర్వాత తెలుస్తుంది, అది అద్దం మీద పడి గోడల మీదికి చిందిన ఎండ అని. ఆ అద్దం గాంగ్జూ చేతిలో ఉంది. ఆ చెయ్యి నిలకడగా ఉండదు కాబట్టే వెలుగుకు రెక్కలొచ్చాయి. మరోసారి అద్దం పగిలితే ముక్కల మీది వెలుగు సీతాకోకచిలుకలై గదంతా పరుచుకుంటుంది. వైద్యుడి చీటీలో లోపంగా నమోదయ్యే కదలికకు ఈ దర్శకుడు రెక్కలు తొడిగాడు. పైగా మనం ఆమె దేహాన్ని చూడకముందే ఆమె చూపులోంచి లోకాన్ని చూశాం. జాలి అనే తలుపు గుండా కాకుండా విస్మయం అనే తలుపు గుండా లోపలికి వెళ్లాం. అద్భుతంతో మొదలుపెట్టి శృంగారానికి చేరడమే ఈ సినిమా నడిచే దారి.

కథ సుఖంగా చూసే కథ కాదు. కారు ప్రమాదంలో ఒక మనిషి చావుకు శిక్ష అనుభవించి జైలు నుంచి బయటికొచ్చిన జాంగ్డూ, చనిపోయిన మనిషి ఇంటికి వెళ్తాడు. అక్కడ ఆ మనిషి కూతురు గాంగ్జూ ఉంటుంది. ఆమె పేరు మీద వచ్చిన మంచి అపార్ట్‌మెంటులోకి అన్నావదినలు మారిపోయి, ఆమెను పాత ఇంట్లోనే వదిలేస్తారు. జాంగ్డూ మొదట ఆమె మీద అత్యాచారానికి ప్రయత్నిస్తాడు. ఆ దృశ్యం చూడటం కష్టం. దాన్ని దాటి ఈ ఇద్దరి మధ్య ప్రేమను ఒప్పుకోవడం నాకు ఎన్నిసార్లు చూసినా కష్టంగానే ఉంటుంది, ఉండాలి కూడా. లీ ఆ నేరాన్ని మెత్తబరచడు, మరిచిపోనివ్వడు. అయినా ఆ తర్వాత ఫోను చేసి అతణ్ని పిలిచేది గాంగ్జూయే. ఆమెకు ఇష్టం అనేది ఒకటుంటుందని ఆ ఇంట్లో, ఆ వీధిలో ఎవరికీ తట్టని సంగతిని సినిమా అక్కడి నుంచి ఒక్కొక్క అంగుళం తవ్వి తీస్తుంది.

మెట్రో రైలు దృశ్యం దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. ఎదురుగా ఒక జంట. అమ్మాయి ఖాళీ ప్లాస్టిక్ సీసాతో అబ్బాయి నెత్తిన సరదాగా కొడుతుంది. చక్రాల కుర్చీలో కూర్చుని గాంగ్జూ చూస్తుంటుంది. మరుక్షణం ఆమె లేస్తుంది, మామూలుగా అందరిలా నడుస్తుంది, సీసా తీసుకుని జాంగ్డూ నెత్తిన కొడుతుంది. తెర మీద పొగలు రావు, రంగు మారదు. కల మొదలైందని చెప్పే సంగీతమేదీ లేదు. కాసేపటికి ఆమె మళ్లీ కుర్చీలో, మెడ వాల్చుకుని. నడవాలన్నది ఇక్కడ ఆమె కోరిక కానే కాదు. ప్రియుణ్ని ఏడిపించాలి, అంతే. నాయికకు సహజంగా అమరే అలంకారాలు పది అని శాస్త్రం చెబుతుంది. లీల, విలాసం, విచ్ఛిత్తి, కిలికించితం అంటూ సాగే ఆ పట్టికలో ఒక్కటి ఆమెకు కావాలి. ఆ ఒక్కటీ ఇవ్వడానికి దేహం ఒప్పుకోదు. అంత చిన్న కోరికకు అంత పెద్ద అడ్డు ఉండటంలో విప్రలంభానికి నేను చూసిన అత్యంత సూక్ష్మమైన రూపం ఉంది. ప్రియుడు పక్కనే ఉన్నాడు. ఎడబాటు ఆమెకూ ఆమె చేతికీ మధ్య.

గాంగ్జూగా వేసిన మూన్ సోరి నటన గురించి అందరూ చెప్పేది ఆ పోలిక ఎంత కచ్చితమో అని. మణికట్టు లోపలికి మడుచుకోవడం, దవడ పక్కకు పోవడం, కళ్లు పైకి దొర్లిపోవడం చూసి నోరు తెరిచినవాళ్లే ఎక్కువ. ఆ ఏడాది వెనిస్ చిత్రోత్సవంలో ఆమెకు మార్చెల్లో మాస్ట్రోయాన్ని పురస్కారం వచ్చింది, లీకి దర్శకత్వానికి ప్రత్యేక పురస్కారం వచ్చింది. నాకు మాత్రం ఆ పోలికకన్నా ఆమె పెంచీ తగ్గించీ చూపిన మోతాదు గొప్పగా అనిపిస్తుంది. భయపడినప్పుడు ఒక వణుకు, నవ్వొచ్చినప్పుడు మరొకటి, సిగ్గుపడినప్పుడు ఇంకొకటి. సినిమా సగానికి వచ్చేసరికి అవి మనకు తేడాగా తెలియడం మొదలవుతుంది. రాగం తెలియనివాడు కూడా పదిసార్లు విన్నాక ఇది అదే అని పోల్చుకున్నట్టు, మనకు తెలియకుండానే మనం ఆమెను చదవడం నేర్చుకుంటాం.

ఆ నేర్పు ఎందుకిచ్చాడో పోలీస్ స్టేషన్ దృశ్యంలో తెలుస్తుంది. ఇద్దరూ కలిసి ఉండగా ఇంటివాళ్లు చూస్తారు. జాంగ్డూను పట్టుకుపోతారు. ఏం జరిగిందో గాంగ్జూ చెప్పాలి. చెప్పాలనే తపన పెరిగేకొద్దీ దేహం మెలితిరుగుతుంది, గొంతు మూసుకుపోతుంది. చుట్టూ ఉన్నవాళ్లు దాన్ని భయంగా చదువుతారు, జరిగిన ఘోరానికి సాక్ష్యంగా చదువుతారు. ఆమె తన చక్రాల కుర్చీని బీరువాకేసి కొట్టుకుంటుంది, మళ్లీ మళ్లీ. అదీ వాళ్లకు అర్థం కాదు. ప్రేమతో పలకవలసిన వేళ పలకకపోవడాన్ని విహృతం అని, అది సిగ్గు వల్లో నెపం వల్లో స్వభావం వల్లో వస్తుందని, నాయికకు అదొక సొగసని శాస్త్రం అన్నది. ఆ సొగసు ఇక్కడ ఒక మనిషిని జైలుకు పంపుతుంది. గదినిండా జనం ఉన్నారు, సాత్త్విక భావాలు ఉప్పొంగుతున్నాయి, సరిగ్గా చదవగలిగినది తెర ముందు కూర్చున్న మనం మాత్రమే. మనకు నోరు లేదు. ఇన్ని సినిమాలు చూశాను గానీ, ప్రేక్షకుడి నిస్సహాయతనే రసంగా మార్చిన దృశ్యం ఇలాంటిది మరొకటి గుర్తురాదు.

గాంగ్జూ గది గోడకు ఒక గుడ్డతెర వేలాడుతుంటుంది. ఒయాసిస్ అని రాసి ఉన్న ఆ బొమ్మలో ఏనుగు, భారతీయ స్త్రీ, చిన్న పిల్లవాడు. రాత్రిళ్లు కిటికీ బయటి చెట్టుకొమ్మల నీడ దాని మీద పడి కదులుతుంటే ఆమెకు భయం. స్టేషన్ నుంచి తప్పించుకున్న జాంగ్డూ నేరుగా ఆ చెట్టెక్కి కొమ్మలు కోస్తాడు. కింద పోలీసులు, జనం అరుస్తుంటారు. అతను ఎందుకు కోస్తున్నాడో లోపల ఆమెకొక్కదానికే తెలుసు. మాట రాదు. పాకుతూ కిటికీ దగ్గరికొచ్చి రేడియో శబ్దాన్ని చెవులు గింగురుమనేలా పెంచుతుంది. నేను విన్నాను అని చెప్పడానికి ఆమె ఎంచుకున్న వాచికాభినయం అది. ప్రేమలేఖలూ మేఘసందేశాలూ చదువుకున్న మనకు ఆ రేడియో మోత కూడా ఆ కోవలోదేనని చెబితే ఎవరైనా కాదనగలరా?

ఐర్లండ్ సినిమా 'మై లెఫ్ట్ ఫుట్' (1989)ది వేరే పద్ధతి. డబ్లిన్‌లో ఒక తాపీమేస్త్రీ ఇంట 1932లో పుట్టిన క్రిస్టీ బ్రౌన్‌కు ఎడమపాదం ఒక్కటే చెప్పిన మాట వినేది. దానితోనే బొమ్మలు వేశాడు, రచయిత అయ్యాడు, ఇదే పేరుతో 1954లో ఆత్మకథ వెలువరించాడు. జిమ్ షెరిడాన్‌కు దర్శకుడిగా ఇది మొదటి సినిమా. మొదలవడమే ఆ పాదంతో మొదలవుతుంది. పాదం గ్రామఫోన్ రికార్డును అట్టలోంచి లాగుతుంది, పళ్లెం మీద పెడుతుంది, సూది దించుతుంది. కెమెరా తొందరపడదు. వేళ్లు తడబడతాయి, మళ్లీ పట్టు దొరకబుచ్చుకుంటాయి. ముఖాభినయం అంతా పాదంలోకి దిగిన ఘట్టం అది.

క్రిస్టీగా వేసిన డేనియల్ డే లూయిస్ షూటింగ్ జరిగినన్నాళ్లూ చక్రాల కుర్చీలోనే ఉండిపోయాడని, సిబ్బంది అతణ్ని మోశారని, అన్నం తినిపించారని కథలుగా చెప్పుకుంటారు. ఆ దీక్ష మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ సినిమాలో నన్ను కదిలించేది అతని కాఠిన్యం. ఈ క్రిస్టీ మంచివాడుగా ఉండటానికి ఒప్పుకోడు. తాగుతాడు, తిడతాడు, అసూయపడతాడు. తనకు మాట నేర్పిన డాక్టర్ ఐలీన్‌ను ప్రేమించి, ఆమెకు మరొకరితో పెళ్లి కుదిరిందని రెస్టారెంటులో నలుగురి మధ్య తెలుసుకుంటాడు. అప్పుడు అతని నోటి నుంచి ఒక్కొక్క పదం రావడానికి పట్టే సమయాన్ని షెరిడాన్ కత్తిరించలేదు. చుట్టూ ఉన్నవాళ్లు ఇబ్బందిగా కదులుతారు, మనమూ కదులుతాం. చివరికి టేబుల్ మీది గుడ్డను పళ్లతో పట్టి లాగుతాడు. కరుణ తన్నుకొచ్చే చోట రౌద్రం వచ్చి నిలబడింది. దయ చూపించడానికి సిద్ధపడి కూర్చున్న ప్రేక్షకుడికి ఆ అవకాశం దక్కదు.

పిల్లాడైన క్రిస్టీగా వేసిన హ్యూ ఓకానర్‌ను కూడా మరవకూడదు. మెట్ల దగ్గర తల్లి పడిపోతే, నేల మీద దేకుతూ వెళ్లి పాదంతో తలుపును బాది ఇరుగుపొరుగును పిలిచేది ఆ పిల్లాడే. వచ్చినవాళ్లు వాణ్ని తెలివిలేనివాడి కింద జమకట్టి మాట్లాడుకుంటారు. గాంగ్జూను పోలీసులు చదివిన తీరే ఇది. తర్వాత ఒకరోజు వాడు కాలివేళ్ల మధ్య సుద్దముక్క పట్టి నేల మీద అమ్మ అనే మాట రాస్తాడు. అప్పటిదాకా వాణ్ని కొడుకుగా లెక్కపెట్టని తండ్రి భుజాన వేసుకుని సారా దుకాణానికి తీసుకుపోయి నలుగురికీ చూపిస్తాడు. ఈ ఘట్టమే అందరికీ గుర్తు. నాకు ఎక్కువ ఇష్టమైనది దీనికన్నా నిదానమైన మరో ఘట్టం. పెద్దవాడైన క్రిస్టీ దిగులుతో కుంగిపోయి ఉంటాడు. తల్లి ఒక మాటా ఓదార్పూ లేకుండా పెరట్లో ఇటుకలు పేర్చడం మొదలుపెడుతుంది, వాడికంటూ ఒక గది కోసం. తాపీపని చేసి బతికే భర్త, కొడుకులు తర్వాత వచ్చి చేయి కలుపుతారు. బ్రెండా ఫ్రికర్ ఆ తల్లి. వాత్సల్యాన్ని కళ్లలో నింపుకోవడం చాలామందికి చేతనవుతుంది. ఆమె దాన్ని మోచేతుల్లో చూపించింది. డే లూయిస్‌తో పాటు ఆమెకూ ఆస్కార్ వచ్చింది.

మన దేశంలోంచి రెండు చెబుతాను. శోనాలీ బోస్ 'మార్గరీటా విత్ ఎ స్ట్రా' (2014)లో కల్కి కేక్లాన్ వేసిన లైలా ఢిల్లీలో చదువుకునే అమ్మాయి, పాటలు రాస్తుంది. దర్శకురాలికి సోదరి వరస అయ్యే రచయిత్రి మాలినీ చిబ్ జీవితం ఈ కథకు ప్రేరణ. మాలిని తల్లి మిథూ అలూర్ 1972లో ముంబైలో స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ ఇండియాను స్థాపించారు. లైలా పాటకు పోటీలో మొదటి బహుమతి వస్తుంది. వేదిక మీద ఉన్నావిడ, మీ బృందంలో ఇలాంటి అమ్మాయి ఉంది గనుకే ఇచ్చామని చెప్పి ఆమెను రెండు మాటలు మాట్లాడమంటుంది. లైలా మధ్యవేలు చూపిస్తుంది. ఒక్క హస్తాభినయంతో కరుణరసం సభ మొత్తాన్నీ ఖాళీ చేసి వెళ్లిపోయింది. ఈ సినిమా ధైర్యం లైలాకు తప్పు చేసే హక్కు ఇవ్వడంలో ఉంది. ఆమె ప్రేమిస్తుంది, ప్రేమించిన ఖానుమ్‌ను మోసం చేస్తుంది, ఒప్పుకుంటుంది, కోల్పోతుంది. 'అంకురం'లో మనం నెత్తిన పెట్టుకున్న రేవతి ఇందులో తల్లి. వ్యాను నడిపే, విసుక్కునే, కూతురి గది తలుపు తట్టకుండా లోపలికి వచ్చే తల్లి. రెండో సగంలో కథ మలుపులు గుంపుగా వచ్చి పడతాయి, ఊపిరి తీసుకోనివ్వవు. ఆ లోటు ఉన్నా లైలా మనసులోంచి పోదు.

రామ్ తీసిన తమిళ సినిమా 'పేరన్బు'లో మమ్ముట్టి పదేళ్లు దుబాయిలో ఉండి వచ్చిన తండ్రి. తల్లి వదిలి వెళ్లిపోయిన, సీపీ ఉన్న కూతురికి అతనెవరో తెలియదు, దగ్గరికి రానివ్వదు. కూతురుగా వేసిన సాధన ముందు మమ్ముట్టి పాడుతూ, ఆడుతూ, కుక్కలా మొరుగుతూ ఆమెను నవ్వించడానికి పడే పాట్లను కెమెరా ఎడతెగకుండా చూస్తుంది. అతను ఏం చేసినా ఆమె ఇటు తిరగదు. ఇక్కడ అభినయం మొత్తం తండ్రిది, ప్రేక్షకురాలు కూతురు. ఆ ప్రేక్షకురాలు మెచ్చదు. ఒక మహానటుడు తన అభినయం పూర్తిగా విఫలమవడాన్ని ఇంత వినయంగా అభినయించడం అపురూపం. అంతకంతకూ బరువెక్కే కష్టాల మీద నాకు అభ్యంతరం ఉన్నా, ఆ ఒక్క దృశ్యానికి దణ్ణం పెడతాను.

ఇవన్నీ సీపీ లేనివాళ్లు వేసిన పాత్రలు. బొమ్మలో గుర్రాన్ని చూసి గుర్రం అనుకున్నట్టే నటుణ్ని చూసి రాముడనుకుంటామని శంకుకుడు చెప్పిన చిత్రతురగ న్యాయం వీటికి సరిపోతుంది. జపాన్ దర్శకురాలు హికారి తీసిన '37 సెకండ్స్' (2019)లో ఆ బొమ్మగుర్రమే లేదు. యూమాగా వేసిన మే కాయామాకు నిజంగా సీపీ ఉంది. పుట్టినప్పుడు 37 సెకన్లు ఊపిరి అందని అమ్మాయి యూమా, పేరు మరొకరికి పోతుంటే మాంగా బొమ్మలు గీసిపెడుతుంటుంది. తొలి దృశ్యాల్లోనే తల్లి ఆమె బట్టలు విప్పి స్నానం చేయించడం చూస్తాం. సంగీతం లేదు, సానుభూతి లేదు, రోజూ జరిగే పని. ఇరవై మూడేళ్ల ఆడపిల్ల సిగ్గు, అలవాటు, మౌనమైన విసుగు ఆ ముఖంలో ఒకదాని వెనక ఒకటి కదులుతాయి. ఇది నటన కాదు, నిజమే కదా అనేవాళ్లుంటారు. నేను ఒప్పుకోను. 'బ్రేకింగ్ బ్యాడ్' సీరియల్లో ఆర్‌జే మిట్‌కు ఉన్న సీపీ తన పాత్రకున్న దానికన్నా తక్కువ. ఊతకర్రలతో నడవడం, మాటను మరింత ముద్దగా పలకడం అతను సాధన చేయవలసి వచ్చింది. తన స్థితినే తాను అభినయించాడు. 'స్పీచ్‌లెస్' సీరియల్లో మైకా ఫౌలర్‌ది మాట లేని పాత్ర. తలకు కట్టుకున్న లేజర్ కాంతితో పలక మీది అక్షరాలను చూపిస్తుంటే కెనెత్ అనే సహాయకుడు గొంతునిస్తాడు. ఆంగికం ఒకరిది, వాచికం ఒకరిది. నాట్యం చేసేవారికి వేదిక పక్కన కూర్చుని గాత్రం ఇచ్చే మన సంప్రదాయంలో పెరిగినవాళ్లకు అందులో ఎంత హాస్యం, ఎంత స్నేహం పండుతుందో వెంటనే తెలుస్తుంది.

వీటిని వెతుక్కుని చూడబోయేవాళ్లకు ఒక మనవి. డబ్బింగ్‌లో చూడకండి. స్వరభేదమే ఈ పాత్రలకు ప్రాణం. మరొకరి గొంతు అతికిస్తే గాంగ్జూ ఉండదు, క్రిస్టీ ఉండడు. మెట్రో స్టేషన్లో ఆఖరి రైలు తప్పిపోయాక గాంగ్జూ తేటగా పాడే పాట వినాలంటే, అంతకుముందు గంటసేపు ఆమె అసలు గొంతు మన చెవిలో ఉండాలి. వీలైతే రెండోసారి చూసేటప్పుడు కింద వచ్చే అక్షరాలు కూడా తీసేయండి. పదం పూర్తి కాకముందే అవి అర్థం చెప్పేస్తాయి.